ప్లాయా దెల్ కార్మెన్‌లో నాలుగు రోజులు: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

మెక్సికోలోని కాంకూన్ విమానాశ్రయం నుంచి దక్షిణంగా 55 కిలోమీటర్లు వస్తే ప్లాయా దెల్ కార్మెన్ అనే సముద్రతీర పట్టణం. అక్కడి నుంచి గంట, రెండు గంటల దూరంలోనే పగడపు దిబ్బలు, తాబేళ్లు మేసే అఖాతం, నేల కింద మంచినీటి గుహలు, ప్రాచీన మాయా నాగరికత నగరాల శిథిలాలు, రోజంతా తిరిగే పార్కులు ఉన్నాయి. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు థాంక్స్‌గివింగ్‌కో క్రిస్మస్‌కో నాలుగైదు రోజులు వీలు చూసుకుని వస్తుంటాయి. దిగీ దిగగానే హోటల్ లాబీలో బ్రోషర్లు తిరగేసి, పేరు విన్న ప్రతిదానికీ టికెట్టు కొనేస్తే మూడో రోజుకి పిల్లలు వ్యానులోనే నిద్రపోతారు, పెద్దవాళ్లు కాళ్లు పట్టేసి గదికే పరిమితమవుతారు.

ఏది గొప్పది అని అడిగితే జవాబు తేలదు. ఏ నెలలో వస్తున్నారు, మీలో ఎంతమందికి ఈత వచ్చు, ఎవరికి మోకాళ్ల నొప్పి ఉంది అన్నవి ముందు చూసుకోండి. వీటితోనే సగం జాబితా రాలిపోతుంది. మిగిలిన దానిలోంచి రోజుకి ఒక పెద్ద పనిని మించి పెట్టుకోకండి.

ముందు నెల, తర్వాత టికెట్టు

ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఈ తీరానికి సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు కొట్టుకొస్తుంది. 2011 నుంచి అట్లాంటిక్‌లో ఇది విపరీతంగా పెరిగింది. కొన్ని ఏళ్లలో మార్చిలోనే మొదలై సెప్టెంబరు దాకా ఉంటుంది. ఒడ్డున కుప్ప పడి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వచ్చి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ఇబ్బంది పెడుతుంది. రోజూ ఒకేలా ఉండదు. గాలి దిశ మారితే ఈరోజు గోధుమరంగులో ఉన్న బీచ్ ఎల్లుండికి తేటపడుతుంది. కానీ ఈ నెలల్లో వచ్చేవాళ్లు బీచ్ చుట్టూ యాత్ర కట్టుకోకూడదు. సెనోటేలను (నేల కింది మంచినీటి గుహలు), ప్లాయా ఎదుట ఉన్న కొజుమెల్ ద్వీపం పడమటి ఒడ్డును నమ్ముకోవాలి. నాచు తూర్పు నుంచి వస్తుంది, అది చాలావరకు ద్వీపం అవతలి వైపే ఆగిపోతుంది.

నవంబరు నుంచి మార్చి వరకు నాచు బెడద తక్కువే గానీ ఇంకో చిక్కు ఉంది. ఉత్తరం నుంచి చల్లగాలి విరుచుకుపడే రోజులుంటాయి, వీటిని అక్కడివాళ్లు నోర్తే అంటారు. ఒక్కోసారి రెండు మూడు రోజులు వీస్తుంది. అప్పుడు రేవు అధికారులు చిన్న పడవలను ఆపేస్తారు, గాలి మరీ ఎక్కువైతే కొజుమెల్ ఫెర్రీ కూడా నిలిచిపోతుంది. అందుకే పడవ ఎక్కాల్సిన పని ఏదైనా సరే మొదటి రెండు రోజుల్లో పెట్టుకోండి. రద్దయితే మరో రోజుకి మార్చుకునే వీలుంటుంది. చివరి రోజుకి దాచుకున్నవాళ్లకి డబ్బు వెనక్కి వస్తుందేమో గానీ సముద్రం మాత్రం దొరకదు.

తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ముప్పు ఎక్కువ. 2005 అక్టోబరులో విల్మా ఈ తీరాన్ని, కొజుమెల్‌ను ఊపేసింది, 2024 జులైలో బెరిల్ ప్లాయాకి దక్షిణాన ఉన్న తులూమ్ పట్టణం దగ్గర తీరం దాటింది. ఈ నెలల్లో బుక్ చేసుకుంటే రద్దుకు వీలున్న గదులే తీసుకోండి.

నీళ్లలో: కొజుమెల్, అకుమాల్, సెనోటే

ముందు మా అభిప్రాయం చెప్పేస్తాం. ఒక్కదానికే సమయం ఉంటే సెనోటే. ఇలాంటి పగడపు దిబ్బలు, శిథిలాలు ప్రపంచంలో ఇంకెక్కడైనా చూడొచ్చు. ఇన్ని మంచినీటి గుహలు ఇంత దగ్గర దగ్గరగా, మామూలు సందర్శకుడు దిగగలిగేలా ఉన్న చోట్లు చాలా అరుదు.

ఈ తీరం ఉన్న యుకతాన్ ద్వీపకల్పమంతా సున్నపురాయి నేల. వాననీరు రాతిని కరిగించుకుంటూ కిందికి ఇంకిపోతుంది కాబట్టి పైన నదులు దాదాపు లేవు, నీరు నేల కిందే పారుతుంది. గుహ పైకప్పు కూలిన చోట ఆ నీరు బయటపడుతుంది. అదే సెనోటే. అందులో మూడు రకాలున్నాయి, ఎంపిక అక్కడే ఉంది. పైకప్పు పూర్తిగా కూలి చెరువులా తెరుచుకున్నవి పిల్లలకి, ఈత సరిగా రానివాళ్లకి మేలు. ప్లాయా నుంచి తులూమ్ వెళ్లే 307వ నంబరు రహదారి మీద 25 కిలోమీటర్ల దూరంలో అసూల్, క్రిస్తాలినో, హార్దిన్ దెల్ ఎదెన్ అనే మూడు పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో అసూల్‌కి పిల్లలు కూర్చోగలిగే లోతు తక్కువ గుంటలున్నాయి. హార్దిన్ దెల్ ఎదెన్ పెద్దది, లోతైనది, ఈత వచ్చినవాళ్లకి బాగుంటుంది. రెండో రకం సగం తెరిచి సగం గుహగా ఉండేది. తులూమ్ దగ్గర గ్రాన్ సెనోటే, ఇంకాస్త ఉత్తరాన దోస్ ఓహోస్ అలాంటివే. గుహ పైకప్పు నుంచి వేలాడే సున్నపురాయి ఊడలు, గబ్బిలాలు, నీలి వెలుగు చూడాలంటే వీటికే వెళ్లాలి. దోస్ ఓహోస్ గుహలు సాక్ అక్తున్ అనే మరో పెద్ద గుహల వ్యవస్థతో నీటి కిందే కలిసి ఉన్నాయని 2018లో తేలింది. రెండూ కలిపితే 340 కిలోమీటర్లకు పైమాటే. మూడో రకం పూర్తి గుహ. దానికి రియో సెక్రెతో మంచి ఉదాహరణ. వెట్‌సూట్, హెల్మెట్ ఇచ్చి గైడుతోనే లోపలికి పంపుతారు, సొంత కెమెరా తీసుకెళ్లనివ్వరు. చీకటికి, ఇరుకు చోట్లకి భయపడేవాళ్లు దీన్ని వదిలేయాలి.

సెనోటేలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది చలి. నీరు ఏడాది పొడుగునా 24, 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వినడానికి చల్లగా అనిపించదు గానీ, సన్నగా ఉండే పిల్లలు అరగంటకే పెదాలు నీలంగా మారి వణుకుతారు. పొడుగు చేతుల ఈత చొక్కా, ఇద్దరికి ఒకటి చొప్పున తువ్వాలు, పొడి బట్టలు తప్పక పెట్టుకోండి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు, ముందు షవర్ చేయమంటారు. ఆ నీరు త్వరగా కొట్టుకుపోదు, రాసుకున్నదంతా అందులోనే తేలుతుంది కాబట్టి ఆ నియమం న్యాయమైనదే. చెక్క మెట్లు, రాళ్లు జారుతాయి, నీటి చెప్పులు అవసరం. చాలా చోట్ల మెక్సికో కరెన్సీ పెసోలే, అదీ నగదుగానే తీసుకుంటారు. ఆదివారం స్థానిక కుటుంబాలు వస్తాయి, రద్దీగా ఉంటుంది. వారం మధ్యలో ఉదయం తెరిచే వేళకి వెళ్తే నీటి అడుగు దాకా కనిపిస్తుంది. పదకొండు దాటితే జనం కాళ్ల తాకిడికి అడుగున ఉన్న మట్టి లేచిపోతుంది.

కొజుమెల్, అకుమాల్ మధ్య ఎటు తేల్చుకోవాలో తెలియక చాలామంది రెండూ పెట్టుకుంటారు. అంత అవసరం లేదు.

కొజుమెల్‌కి ప్లాయా రేవు నుంచి ఫెర్రీలో దాదాపు 45 నిమిషాలు. ఒకటికి మించిన కంపెనీలు నడుపుతాయి, ఒకదాని రిటర్న్ టికెట్టు ఇంకోదానిలో చెల్లదు. కాబట్టి మీరు వచ్చే వేళకి ఏది బయల్దేరుతుందో చూసి కొనండి. కెరటాలున్న రోజున పడవ బాగా ఊగుతుంది. కడుపులో తిప్పేవాళ్లు అరగంట ముందే మాత్ర వేసుకుని, కింది అంతస్తులో వెనక వైపు కూర్చోవాలి. ద్వీపం నైరుతి ఒడ్డున ఉన్న పలాంకార్, కొలొంబియా దిబ్బలు 1996 నుంచి రక్షిత సముద్ర పార్కులో ఉన్నాయి. ఇక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది. డైవర్లు దానితోపాటు కొట్టుకుపోతూ చూస్తారు, పడవ వెనకే వచ్చి ఎక్కించుకుంటుంది. ఈత వచ్చినవాళ్లకి అదొక వరం. రానివాళ్లకి లైఫ్ జాకెట్ ఉన్నా కంగారే. అలాంటివాళ్లుంటే ఎల్ సియెలీతో అనే నడుము లోతు ఇసుకదిబ్బకి వెళ్లే పడవ అడగండి. దారిలో ఎల్ సియెలో దగ్గర నక్షత్ర చేపలు కనిపిస్తాయి, వాటిని ఫోటో కోసం నీటిలోంచి బయటకి తీస్తే చచ్చిపోతాయి. గైడే తీసిచ్చినా వద్దనండి. 2018 నుంచి ఒక పగడపు వ్యాధి ఈ ప్రాంతంలో చాలా దిబ్బల్ని దెబ్బతీసింది. పాత ఫోటోల్లోని రంగులన్నీ ఆశించకండి, చేపలు మాత్రం నిరాశపరచవు.

కొజుమెల్‌లో క్రూజ్ ఓడలు నిలిచే రోజున రేవు కిక్కిరిసిపోతుంది. ఏ రోజు ఎన్ని ఓడలొస్తాయో ముందే ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, తక్కువున్న రోజు చూసుకోండి. ద్వీపం తూర్పు తీరం చూడటానికి అందంగా ఉంటుంది, ఈతకి ప్రమాదం.

అకుమాల్ ప్లాయాకి 35 కిలోమీటర్ల పైన దక్షిణాన ఉంది. అఖాతం అడుగున సముద్రపు గడ్డి ఉంది, దాన్ని మేయడానికి ఆకుపచ్చ తాబేళ్లు వస్తాయి. ఒడ్డు నుంచే నీళ్లలోకి నడవొచ్చు, పడవ అక్కర్లేదు. అందుకే చిన్నపిల్లలున్నవాళ్లకి కొజుమెల్ కన్నా అకుమాల్ సులువు. తాబేళ్లుండే చోటికి గైడుతో, లైఫ్ జాకెట్‌తోనే వెళ్లాలి. తాకడం చట్టరీత్యా నేరం. పార్కింగ్ దగ్గరే అధికారిక బ్యాడ్జీల్లాంటివి వేసుకుని ‘టికెట్టు ఇక్కడే’ అని ఆపేవాళ్లుంటారు. వాళ్లను దాటుకుని ప్రవేశ ద్వారం దాకా వెళ్లి, ధర అడిగాకే మాట్లాడండి. ఉదయం తొమ్మిదిలోపు నీళ్లు తేటగా ఉంటాయి, మధ్యాహ్నానికి ఇసుక లేస్తుంది. నాచు వచ్చే నెలల్లో అకుమాల్ బాగా దెబ్బతింటుంది, అప్పుడు ఇది వదిలేసి కొజుమెల్‌కే వెళ్లండి.

మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు తిమింగల సొరచేపలు కాంకూన్ దగ్గరి ఇస్లా ముహేరెస్ ద్వీపానికి ఉత్తరాన గుంపులుగా వస్తాయి. చేపకి ఒకసారికి ఇద్దరిని, గైడుతో దింపుతారు. అద్భుతమే, కాదనం. కానీ పడవలో గంటకు పైగా కెరటాల మీద వెళ్లాలి, నీళ్లలో ఉండేది మొత్తం కలిపి కొద్ది నిమిషాలే. ఎనిమిదేళ్లలోపు పిల్లలతో, కడుపు తిప్పే సమస్యతో దీనికి వెళ్లొద్దు. చలికాలంలో ప్లాయా ఎదుటే ఆడ బుల్ షార్కులు తిరుగుతాయి, వాటిని చూడటం అనుభవమున్న డైవర్లకి మాత్రమే.

శిథిలాలు: తులూమ్, కోబా, చిచెన్ ఇట్జా

దగ్గరగా, తక్కువ సమయంలో చూడాలంటే తులూమ్. సముద్రం మీదికి చూస్తున్న 12 మీటర్ల కొండచరియ మీద ప్రహరీ కట్టుకున్న రేవు పట్టణం, 13 నుంచి 15వ శతాబ్దం వరకు వెలిగింది. భవనాలు చిన్నవి, చోటు చాలా అందమైనది. ఇప్పుడు హాగ్వార్ అనే ప్రకృతి పార్కు గుండా వెళ్లాలి, కాబట్టి శిథిలాల టికెట్టుతో పాటు ప్రవేశ రుసుములు వేరుగా ఉంటాయి, వాహనం ఆపిన చోట నుంచి నడక కూడా పెరిగింది. నీడ దాదాపు లేదు. ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండలేకపోతే తులూమ్ మీద అంత ఆశ పెట్టుకోకండి.

పెద్దవాళ్లతో వస్తే మా ఓటు కోబాకి. తులూమ్ నుంచి లోపలికి 45 కిలోమీటర్లు, అడవి నీడలో విస్తరించిన నగరం. ఇక్కడి నోహోచ్ ముల్ పిరమిడ్ ఎత్తు 42 మీటర్లు, అడవి చెట్లకంటే ఎత్తుగా కనిపిస్తుంది. గేటు నుంచి అక్కడికి రెండు కిలోమీటర్ల చదును దారి, సైకిళ్లు అద్దెకిస్తారు. ఇద్దరు కూర్చునే మూడు చక్రాల బండిని తొక్కేవాళ్లు కూడా ఉంటారు. అమెరికాలో మనవల దగ్గరికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మోకాళ్లు పట్టుకుని ఎండలో నిలబడక్కర్లేదు. ఇక్కడి నుంచి యష్‌ఉనా అనే మరో మాయా నగరం దాకా దాదాపు 100 కిలోమీటర్లు మాయా వాళ్లు వేసిన తెల్ల రాతి దారి ఉండేది, దాని మొదలు కోబాలోనే కనిపిస్తుంది. దోమల మందు మర్చిపోవద్దు. కోబా వెళ్లే ఊళ్ల రోడ్ల మీద హెచ్చరిక బోర్డు లేకుండానే స్పీడ్ బ్రేకర్లు ఎదురవుతాయి, అవి ఎత్తుగా ఉంటాయి.

చిచెన్ ఇట్జా పేరు మోసినది. కుకుల్కాన్ పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒకటి కలిపితే 365. ఎక్కనివ్వరు. బంతాట మైదానం పొడవు 168 మీటర్లు, మధ్య అమెరికా ప్రాచీన నగరాల్లో ఇంత పెద్దది లేదు. ప్లాయా నుంచి టోల్ రోడ్డులో 180 కిలోమీటర్లు, రెండు గంటలకు పైగానే పడుతుంది. ఒక చిన్న కిటుకు మీకు బాగా పనికొస్తుంది. ప్లాయా ఉన్న కింతానా రో రాష్ట్రం ఏడాదంతా ఒకే సమయంలో ఉంటుంది, చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం దానికి గంట వెనక. మీ గడియారంలో తొమ్మిదయితే అక్కడ ఎనిమిది, అప్పుడే గేటు తెరుస్తారు. ఆరున్నరకి బయల్దేరి దారిలో ఆగకపోతే మొదటి వాళ్లలో మీరూ ఉంటారు. టూర్ బస్సులు పదిన్నర, పదకొండుకి వచ్చిపడతాయి, అప్పటికి మీరు బయటికి వచ్చేయాలి. లోపలికి కేంద్ర ప్రభుత్వ టికెట్టు, రాష్ట్ర టికెట్టు రెండూ కావాలి. ఆదివారం మెక్సికో పౌరులకి మినహాయింపులుంటాయి కాబట్టి జనం ఎక్కువ.

బస్సు టూరు చౌకగా కనిపిస్తుంది. హోటళ్ల చుట్టూ తిరిగి మనుషుల్ని ఎక్కించుకోవడానికే గంట పోతుంది, దారిలో సావనీర్ దుకాణం దగ్గర ఇంకో ముప్పావుగంట ఆపుతారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పిరమిడ్ దగ్గర దింపుతారు. నలుగురున్న కుటుంబానికి డ్రైవరుతో వ్యాను మాట్లాడుకోవడం లేదా కారు అద్దెకు తీసుకోవడమే మేలు. తిరుగు ప్రయాణంలో వయ్యదొలీద్ పట్టణంలో భోజనం, ఊరి నడిబొడ్డునే ఉన్న సకి సెనోటేలో స్నానం. ఒక రోజుకి అది చాలు. ఏడేళ్లలోపు పిల్లలతో అయితే చిచెన్ ఇట్జా వద్దు. నాలుగైదు గంటల కారు ప్రయాణానికి వాళ్లకి దక్కేది ఎండ.

పార్కులు: ఎష్కరెట్, షెల్-హా

తలకి 100 డాలర్లకు పైన పెట్టే ముందు ఒక్క మాట. ఎష్కరెట్ 1990 నుంచి ఉంది. నేల కింద నదిలో లైఫ్ జాకెట్‌తో తేలుతూ వెళ్లడం, పక్షులు, సాయంత్రం మెక్సికో చరిత్ర మీద పెద్ద రంగస్థల ప్రదర్శన, అన్నీ ఒకే చోట. ఈత రాని పెద్దలు, నడవలేని తాతలు, ఆగని పిల్లలు అందరూ ఉన్న గుంపుకి ఇది నిజంగా పనికొస్తుంది. ప్రదర్శన తొమ్మిది దాటేదాకా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వెళ్తే పార్కు చూడలేరు, ఉదయం నుంచీ ఉంటే పిల్లలు ప్రదర్శనలో నిద్రపోతారు. ఉదయం వెళ్లి, మధ్యాహ్నం ఊయలల్లో గంట పడుకోబెట్టండి. షెల్-హా ముఖ్యంగా స్నార్కెలింగ్‌కి, టికెట్టులోనే తిండి, పరికరాలు కలిసి ఉంటాయి. రోజంతా నీళ్లలో ఉండగల కుటుంబానికే ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. అకుమాల్, సెనోటే రెండూ చూస్తున్నవాళ్లకి షెల్-హా అక్కర్లేదు.

తిరగడం, తినడం

307 రహదారి మీద ఉన్న సెనోటేలు, అకుమాల్, తులూమ్‌లకి కొలెక్తీవో అనే షేర్ వ్యాన్లు తిరుగుతాయి. ప్లాయాలో కాయే 2 నోర్తే వీధిలో, 15, 20 అవెన్యూల మధ్య ఎక్కాలి. నిండగానే బయల్దేరుతుంది. ఎక్కడ దిగాలో డ్రైవరుకి ముందే చెప్పి, దిగేటప్పుడు పెసోలు ఇవ్వాలి. తిరుగు వ్యాను కోసం రహదారి దాటాలి, అక్కడ బళ్లు ఆగవు, నడక వంతెన ఉన్న చోటే దాటండి. కోబా, చిచెన్ ఇట్జాలకి మాత్రం కారు కావాలి. ఆన్‌లైన్‌లో రోజుకి అయిదు డాలర్లని చూపే అద్దె కారు కౌంటర్ దగ్గర చాలా రెట్లవుతుంది. మెక్సికోలో ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి, అమెరికా క్రెడిట్ కార్డు బీమా దాన్ని కవర్ చేయదు. ఆ బీమా కలిపిన మొత్తం ధరే పోల్చి చూడండి. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపించాకే పోయించుకోండి. ఏటీఎం ‘మీ కరెన్సీలోకి మార్చమంటారా’ అని అడిగితే వద్దని నొక్కండి.

శాకాహారులు జాగ్రత్తపడాల్సింది కంటికి కనిపించే మాంసం గురించి కాదు. రాజ్మాలా కనిపించే బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం కలిపే అలవాటుంది. ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మంతేకా’ అని మూడూ చెప్పాలి. మాంసం, కోడి, పంది కొవ్వు లేకుండా అని. చీజ్ కెసదీయా, గ్వాకమోలే, బండి మీద అమ్మే మొక్కజొన్న, వేయించిన నోపాల్ ముళ్ల జెముడు మనవాళ్లకి బాగా నచ్చుతాయి. కారం తక్కువని బాధపడేవాళ్లు బల్ల మీద ఉండే ఆబనెరో పచ్చడి అడగండి, మొదటిసారి మాత్రం గోరంతే వేసుకోండి.

ఏ ప్లానూ లేని పూట ఊరికి ఉత్తరపు చివర ఉన్న పుంతా ఎస్మెరాల్దాకి వెళ్లండి. ఒక చిన్న మంచినీటి ఊట సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు మడుగు ఉంది, పసిపిల్లలు గంటల తరబడి ఆడతారు, టికెట్టు లేదు. మెక్సికోలో బీచ్‌లన్నీ చట్టప్రకారం ప్రజలవే. కుర్చీకి డబ్బడగొచ్చు గానీ ఇసుక మీద కూర్చున్నందుకు ఎవరూ అడగకూడదు. ఎర్ర జెండా ఉంటే ఈత వద్దు, నల్ల జెండా ఉంటే నీళ్ల దగ్గరికే వెళ్లకండి.

స్కూబా చేస్తే విమానానికి ముందు గ్యాప్ చూసుకోండి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు.

టికెట్లకి ముందు కాగితాలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ల దగ్గరే చిక్కంతా. 30 రోజుల్లోపు మెక్సికో నుంచి తిరిగొచ్చేవాళ్లని చెల్లుబాటయ్యే ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు)తో అమెరికా లోపలికి రానిచ్చే నియమం ఉంది, కానీ గడువు తీరిన స్టాంపుతో మెక్సికో మిమ్మల్ని లోపలికి రానివ్వదు. అలాంటివాళ్లు ముందుగా మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టొచ్చు కాబట్టి విమానం టికెట్టు కన్నా ముందు అదే చూడండి.